ఫలితము చేరని పరీక్ష

రక్తము తీసినంతనే రోగపరీక్ష జరిగినదని లెక్క వ్రాసికొను ఆచారము వైద్యశాలలయందు ప్రబలియున్నది. బడిపిల్లవాని పరీక్షాఫలితము రెండు నెలలు ఆలస్యమైనను వాని ప్రాణమునకు హాని లేదు. హెచ్.ఐ.వి. గల తల్లి కడుపున పుట్టిన శిశువు సంగతి అట్టిది కాదు. ఆ శిశువు విషయమున రెండు నెలల ఆలస్యము ఒక్కొక్కప్పుడు ఆయుర్దాయమంతటితో సమానము. కావున ఫలితము తల్లికి తెలిసి, రోగమున్న బిడ్డ నోట మందు పడిన నాడే పరీక్ష పూర్తియైనట్లు లెక్కింపవలెనని మా వాదము. అంతకు ముందు జరిగినదంతయు పరీక్షకు సన్నాహమే కాని పరీక్ష కాదు.

శిశువుల పరీక్ష పెద్దవారి పరీక్షవంటిది కాదని చదువరులు మొదట గ్రహింపవలెను. పెద్దవారి రక్తములో, వైరసును ఎదిరించుటకై శరీరము పుట్టించిన ప్రతిరక్షకములు కలవా లేవా యని చూతురు. ఈ పరీక్ష చౌకయైనది. కొద్ది నిమిషములలో ముగియును. కాని తల్లి ప్రతిరక్షకములు గర్భమునందే మావి గుండ బిడ్డకు చేరును. అవి 18 నెలల వఱకు బిడ్డ రక్తములో నిలిచియుండవచ్చును. కావున ఆ పరీక్షలో ‘ఉన్నది’ అని తేలినను అది తల్లి రోగమునకు సాక్ష్యమే కాని బిడ్డ రోగమునకు సాక్ష్యము కాదు. బిడ్డ సంగతి తెలియవలెనన్న వైరసు యొక్క జన్యుపదార్థమునే వెదకవలెను. ఇందులకు పి.సి.ఆర్. మొదలగు యంత్రపరీక్షలు కావలెను. శిశువునకు ఆఱు వారములు నిండగానే మడమను సూదితో గ్రుచ్చి, కొన్ని రక్తపు బొట్లను దళసరి కాగితముపై ఆరబెట్టి, దూరమునందలి ప్రయోగశాలకు పంపుదురు. ఆరిన రక్తమునకు మంచుపెట్టె అక్కఱలేదు. బీదదేశములకు ఇది గొప్ప ఉపకారమే. కాని ఆ కాగితము పోవు దారియందును, జవాబు తిరిగివచ్చు దారియందును ఉన్నది చిక్కంతయు.

ఏల యింత తొందర యని అడుగువారు ఈ లెక్కలను చూడవలెను. చికిత్స లేనిచో, ఈ రోగము సోకిన శిశువులలో సుమారు మూడవవంతు మొదటి యేడు నిండక మునుపే, సగము మంది రెండవ యేడు నిండక మునుపే మరణింతురు. ఆ మరణములు మిక్కిలి విరివిగా నుండునది రెండవ మూడవ నెలలయందు. దక్షిణాఫ్రికాలో జరిగి 2008లో ప్రకటింపబడిన పరిశోధనలో, రోగము ముదురువఱకు వేచియుండక పుట్టిన కొన్ని వారములకే మందు మొదలుపెట్టుటవలన మరణములు 76 శాతము తగ్గినవి. అదే సంవత్సరము ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఏడాదిలోపు రోగగ్రస్త శిశువులకెల్ల తక్షణమే చికిత్స మొదలుపెట్టవలెనని నిర్దేశించినది. కాబట్టి జ్ఞానము కొఱవడినదని ఎవ్వరును చెప్పజాలరు.

ఇక మలావీ దేశమును చూడుడు. 2014లో అచ్చట హెచ్.ఐ.వి. గల తల్లులకు సుమారు 40,000 మంది శిశువులు జన్మించిరి. 2016 నాటి లెక్కల ప్రకారము, రక్తపుబొట్టు ఆరోగ్యకేంద్రమునుండి ప్రయోగశాలకు చేరుటకు సగటున 11 దినములు పట్టెడిది. ఫలితము తిరిగి వచ్చుటకు ఎనిమిది వారముల వఱకు పట్టెడిది. ఆఱవ వారమున రక్తము తీసి, అటుపిమ్మట పది వారములు వేచియున్నచో, ఫలితము చేరునప్పటికి మరణములు విరివిగా నుండు కాలము దాటిపోవును. ఆలస్యం అమృతం విషం అను సామెతకు ఇంతకంటె నిదర్శనము కావలెనా? ఆ యేటనే లిలాంగ్వే నగరమున రక్తపుబొట్లను మోయుటకు డ్రోన్లను ఎగురవేసి చూచిరి. ఆ ప్రయత్నమును మేము గేలిచేయము. కాని డ్రోను తగ్గింపగలది పోకలోని జాప్యమును మాత్రమే. ప్రయోగశాలలో గుట్టలుపడిన కాగితములను ఎవరు తీయుదురు? జవాబును తల్లి గుమ్మమునకు ఎవరు చేర్తురు?

ఈ ఆలస్యము విధివ్రాత కాదు. శిశువున్న చోటనే పరీక్ష ముగించు చిన్న యంత్రములు వచ్చి చాల యేండ్లయినది. ఎనిమిది ఆఫ్రికా దేశములలో జరిగి 2019లో ప్రకటింపబడిన పరిశోధనలో, పాతపద్ధతిని ఫలితము తల్లిదండ్రులకు చేరుటకు 55 దినములు పట్టగా, ఈ యంత్రములున్న చోట నాటిఫలితము నాడే చేరినది. మొజాంబిక్ దేశమున కొన్ని ఆరోగ్యకేంద్రములకు యంత్రములిచ్చి, కొన్నిటిని పాతపద్ధతియందే ఉంచి పోల్చి చూచిరి. 2018లో వెలువడిన ఆ ఫలితములివి: రక్తము తీసిన 60 దినములలోపల మందు మొదలుపెట్టబడిన రోగగ్రస్త శిశువులు యంత్రములున్న చోట 89.7 శాతము; లేనిచోట 12.8 శాతము. ఈ రెండంకెల నడుమ నున్నది శిశువుల శ్మశానము.

దీనిపై కొందఱు ఆక్షేపణలు చేయుదురు. యంత్రములు మిక్కిలి వెలగలవి, బీదదేశములు భరింపజాలవని మొదటి ఆక్షేపణ. ప్రతి పల్లెకును యంత్రమును మేము కోరుటలేదు. క్షయరోగమును కనిపెట్టుటకు అనేక దేశములు ఇదివఱకే కొనియుంచిన జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రమే, వేఱొక గుళిక పెట్టినచో, శిశువుల హెచ్.ఐ.వి.ని గూడ చెప్పగలదు. యంత్రమునకు చోటులేని తావుల మాటకు వచ్చినచో, జాంబియా దేశపు దక్షిణ మండలమున ఫలితమును చేతిఫోను సందేశముగా పంపినంతమాత్రమున నిరీక్షణము సుమారు 44 దినములనుండి 27 దినములకు తగ్గినది. ఇది 2012లో ప్రకటింపబడిన సంగతి. మఱి ఫలితము చేరకయే బిడ్డ చనిపోయిన పరీక్షకైన వ్యయమో? వ్యర్థవ్యయమనిన అది కాదా?

తల్లులు అజ్ఞానులు, ఫలితముకొఱకు తిరిగి రారని రెండవ ఆక్షేపణ. ఇది మిక్కిలి అన్యాయమైన మాట. కూలి మానుకొని, బిడ్డను చంకనెత్తుకొని, మైళ్లకొలది నడిచి వచ్చిన తల్లితో ‘ఇంకను రాలేదు, వచ్చే నెల రా’ అని ముమ్మారు చెప్పి పంపి, నాలుగవసారి రాలేదని ఆమెను నిందించుట పెద్దమనుష్యులకు తగునా? మొజాంబిక్ తల్లులు రెండు విధముల కేంద్రములయందును ఒకే దేశపు తల్లులు. జవాబు వెంటనే దొరకిన చోట వారి బిడ్డలకు మందు అందినది. దొరకని చోట అందలేదు. మాఱినది తల్లుల స్వభావము కాదు, మన పద్ధతి.

గుట్టు బయటపడును, 18 నెలలు నిండినపిమ్మట చౌకపరీక్ష చేసికొనవచ్చునని మూడవ ఆక్షేపణ. అంతవఱకు బ్రదికియుండు బిడ్డలెందఱో పైన చెప్పియుంటిమి. గుట్టు కాపాడుటకు మార్గములున్నవి. మన దేశమున 2017 సంవత్సరపు హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము రోగి సమ్మతిని, రహస్యమును కాపాడుచున్నది, వివక్షమును నిషేధించుచున్నది. లోకులు నవ్వుదురను భయమునకు బిడ్డను బలి యిచ్చుట ఏ ధర్మశాస్త్రము? సిగ్గుపడవలసినది నవ్వెడి లోకము గాని నవ్వబడెడి తల్లి కాదు.

యంత్రము వచ్చినంతనే సర్వము చక్కబడునని మేము చెప్పము. ఆఱవ వారమున ‘లేదు’ అని తేలినను అది తుదిమాట కాదు. చనుబాలవలన రోగము పిదపనైనను సోకవచ్చును. తల్లి తన మందు మానక వేసికొనుచు పాలియ్యవలెను. శిశువును తొమ్మిదవ నెలలోను, 18వ నెలలోనో పాలు మాన్పిన మూడు నెలలకో, ఏది వెనుకనైన అప్పుడును, మరల పరీక్షింపవలెను.

ఇది పరదేశముల గొడవ యని మన తెలుగువారు తలంపరాదు. హెచ్.ఐ.వి. హెచ్చుగా వ్యాపించిన రాష్ట్రములలో ఆంధ్రదేశమొకటి. శిశువులకు ఆరిన రక్తపుబొట్టు పరీక్ష మన దేశమున 2010లో మొదలైనది. మన ఆడపడుచు పురిటికి పుట్టింటికి పోవును. కొన్ని నెలలకు అత్తవారింటికి మరలును. ఒక యూర రక్తము తీయించి, ఫలితము వచ్చునప్పటికి ఆమె మఱొక యూర నున్నచో, ఆ కాగితము ఎవరికొఱకు? పైగా ఈ రోగమునకు మందులు హైదరాబాదు ఔషధశాలలలో తయారై సముద్రములు దాటి ఆఫ్రికాకు పోవుచున్నవి. మందు సముద్రము దాటగలిగినప్పుడు, ఒక్క మాట పది క్రోసులు దాటలేదా?

2023లో ఈ రోగముగల పెద్దలలో నూటికి 77 మందికి చికిత్స అందగా, పిల్లలలో 57 మందికే అందినది. రోగులలో పిల్లలు నూటికి ముగ్గురే. ఆ యేటి మరణములలో నూటికి పండ్రెండుగురు. కావున వైద్యాధికారులను, ధనసహాయము చేయు సంస్థలను మేము కోరునది ఒక్కటే. ఎందఱి రక్తము తీసితిరని అడుగుట మానుడు. రక్తము తీసిన నాటినుండి ఫలితము తల్లికి చేరుటకు ఎన్ని దినములు పట్టెను, చేరిన నాటినుండి మందు మొదలగుటకు ఎన్ని దినములు పట్టెను, ఈ రెండంకెలను ప్రతి వైద్యశాల గుమ్మమున వ్రాయింపుడు. ఆ యంకెలు తగ్గిననాడు మీ నివేదికలను మేము ఆనందముతో చదివెదము.