వార్డెన్ సంతకం పెడితే మన పిల్ల ఒప్పుకున్నట్టా?



మన పాలకొల్లు పక్కన చించినాడ వంతెన కింద పారే గోదారి భద్రాచలం మీదుగానే ఇక్కడికొస్తుంది. ఆ భద్రాచలం ఆడపిల్లలకు 2009లో జరిగిన సంగతి మాత్రం మన పేటల దాకా సరిగ్గా రాలేదు. ఆ టీకా ఇప్పుడు మన ఊళ్లలోనూ మాటల్లోకొచ్చింది. తెలియకపోతే మన గడపలోకొచ్చిన రోజున అడగడానికి నోరుండదు. అందుకే రాస్తున్నాం.

2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఒక కొత్త టీకా వెయ్యడం మొదలెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, అంటే మనవాళ్లు గర్భసంచి మూతి క్యాన్సరనే దాన్ని, రాకుండా ఆపే హెచ్‌పీవీ టీకా అది. తయారీ అమెరికా కంపెనీ మెర్క్. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. చెయ్యి కలిపింది ఐసీఎంఆర్, మన రాష్ట్ర ప్రభుత్వం. సుమారు 14 వేలమంది పిల్లలు. ఎక్కువమంది ఆదివాసీ, దళిత, వెనకబడిన కులాల ఇళ్లవాళ్లు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు.

హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో ఆడపిల్లలు లేరా? కార్పొరేట్ స్కూళ్లు లేవా? ఉన్నాయి. కానీ అక్కడి తల్లిదండ్రులు నూరు ప్రశ్నలేస్తారు, లాయర్ని పిలుస్తారు. ఆశ్రమ హాస్టల్ పిల్ల తల్లి ఆ టయానికి ఎవరి చేలోనో నడుం వంచి ఉంటుంది. అడిగేవాడు లేనిచోటే కదా అయ్యా మీ సూదులన్నీ ముందు దిగేది!

రెండు రాష్ట్రాల్లో ఈ ప్రాజెక్టు నడిచింది. రెండోది గుజరాత్. టీకా వేసిన పిల్లల్లో మొత్తం ఏడుగురు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. ఆ చావులకూ టీకాకూ సంబంధం కనిపించలేదని ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ చెప్పింది. టీకాయే చంపిందని మేమూ అనం. అనడానికి ఆధారం లేదు. లేని మాట ఒకటి అంటే ఉన్న మాటలన్నీ దాంతోపాటే కొట్టుకుపోతాయి.

ఉన్న మాట ఏంటంటే, కాగితాలు. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 ఒప్పుదల పత్రాల్లో 1,948 వేలిముద్రలే. 2,763 పత్రాల మీద తల్లీ తండ్రీ ఎవరూ లేరు, హాస్టల్ వార్డెన్లో హెడ్మాస్టర్లో సంతకాలు చేసేశారు. అన్నంలో పురుగొచ్చిందంటే పలకని వార్డెన్‌కి మన పిల్ల ఒంటి మీద ఇంత హక్కు ఎవరిచ్చారు? జ్వరమొస్తే ఇంటికి తీసుకుపొమ్మని కబురంపేవాళ్లు, సూది వేసేటప్పుడు మాత్రం అమ్మానాన్నా తామే అయిపోయారు!

పైగా ఇది ప్రయోగం కాదంట, ‘ప్రదర్శన ప్రాజెక్ట’ంట. పేరు మారిస్తే బాధ్యత మారిపోతుందనుకున్నారు. పార్లమెంటు స్థాయీ సంఘం ఆ ఆట ఒప్పుకోలేదు. 2013 ఆగస్టు 30న ఇచ్చిన 72వ నివేదికలో దీన్ని ప్రయోగమనే అంది, పిల్లల మానవ హక్కుల ఉల్లంఘన అంది. ప్రభుత్వ టీకాల జాబితాలో చేరిస్తే కంపెనీలకు ఎంత లాభమో కూడా ఎత్తి చూపింది. పాత్ సంస్థ ఇదంతా కాదంది. కాదంటే కాగితాల మీది వేలిముద్రలు చెరిగిపోతాయా?

ఈ రోగం చరిత్రలోనే అడక్కుండా తీసుకోవడం ఉంది. అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి తల్లి, పొగాకు చేలల్లో పెరిగిన మనిషి, 1951లో ఇదే క్యాన్సర్‌తో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రికెళ్లింది. ఆమెకి చెప్పకుండా ఆమె ఒంటిలోంచి కణాలు తీశారు. ఆమె ఆ ఏడాదే, 31 ఏళ్లకే పోయింది. ఆ కణాలు ఇప్పటికీ ప్రపంచమంతా లాబుల్లో పెరుగుతున్నాయి, కంపెనీలు అమ్ముకుంటున్నాయి. ఈ క్యాన్సర్‌కి వైరస్ కారణమని కనిపెట్టిన జర్మన్ శాస్త్రజ్ఞుడు జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ వచ్చింది. ఆ వైరస్ ఆమె కణాల్లోనూ దొరికింది. అమ్ముకున్న కంపెనీల్లో ఒకటి ఆమె వారసులతో రాజీకొచ్చింది 2023లో. డెబ్బై రెండేళ్లకు! అక్కడ నల్లవాళ్లు, ఇక్కడ మనం.

అలాగని టీకా వద్దంటున్నామా? ముమ్మాటికీ కాదు. ఈ మాట మన కార్యకర్తలే కొందరు తప్పుగా చెబుతున్నారు, వాళ్లు ఆపాలి. ఏటా దేశంలో లక్షమందికి పైగా ఆడవాళ్లకు ఈ క్యాన్సర్ వస్తోంది. అందులో మన చెరువుల దగ్గరా, చేలల్లోనూ పనిచేసే అక్కలే ఆస్పత్రికి ఆలస్యంగా వెళ్లేది, ముదిరాక తెలిసేది. టీకా పనిచేస్తుంది. పుణే సీరం ఇన్‌స్టిట్యూట్ చేసిన సొంత టీకాకి 2022లో అనుమతొచ్చింది. డబ్బున్నవాళ్లు కొనుక్కుంటారు. మన పిల్లలకు ఉచితంగా వెయ్యాల్సిందే. టీకా వేసినా పెద్దయ్యాక పరీక్ష మానకూడదు. ముప్పై దాటిన తల్లులకు ప్రభుత్వాసుపత్రిలో ఆ పరీక్ష చెయ్యాలి. మనం అడిగేది వైద్యం. మనల్ని మనుషులుగా అడిగి చేసే వైద్యం.

చట్టం కొంత మన వైపే ఉంది. ఇంకా ప్రయోగంలో ఉన్న మందు ఇస్తే 2019 నాటి నియమాల ప్రకారం అర్థమయ్యే భాషలో చెప్పాలి. చదువురానివాళ్లయితే ఆ మందుతో సంబంధం లేని సాక్షి పక్కనుండాలి. ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. అనుమతి వచ్చిన మామూలు టీకాకి ఈ నియమాలు వర్తించవు. అందుకే ముందు అడగాల్సిన ప్రశ్న: ‘ఇది ప్రయోగమా, కార్యక్రమమా?’ నర్సమ్మ మీద అరవకండి, ఆవిడా మనలాంటి కూలీయే. కాగితం అడగండి.

ఈ నెలలో ప్రతి పేట నుంచీ ఇద్దరు తల్లులు దగ్గర్లోని ఆడపిల్లల హాస్టల్‌కి వెళ్లండి. సూది వేసేముందు ఇంటికి కబురు చెయ్యాలనీ, పిల్లని కూడా అడగాలనీ, తల్లిదండ్రుల బదులు వార్డెన్ సంతకం చెల్లదనీ అర్జీ రాసిచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర వెయ్యనంటే ఆ హాస్టల్ పేరు, తేదీ మాకు రాసి పంపండి. పై సంచికలో వేస్తాం.