సంతకానికి ముందే తెలుగు కాగితం కావాలి

మా ఆయన మేడ్చల్ నుంచి శామీర్‌పేట మీదుగా జినోమ్ వ్యాలీకి స్టాఫ్ బస్సు నడుపుతారు. పోయిన ఏడాది ఒకరోజు పొద్దున శామీర్‌పేట చేరేసరికి గుండె పట్టేసినట్టయింది. బస్సు పక్కకు ఆపి నాకు ఫోన్ చేశారు. హార్ట్ ఎటాక్ రాకముందే రెండు స్టెంట్లు వేశారు. ప్రాణం దక్కింది.

ఆస్పత్రి బిల్లు ఆరోగ్య బీమా కట్టింది. కానీ రెండు నెలలు జీతం లేదు. నా కుట్టుమిషన్ మీదే ఇల్లు నడిచింది. టర్మ్ పాలసీతో పాటు, పెద్ద జబ్బు తేలితే డబ్బిచ్చే క్రిటికల్ ఇల్‌నెస్ రైడర్ తీసుకున్నది ఇలాంటి రోజుల కోసమే. "వదినా, ఇంకో నాలుగు వేలు కడితే గుండెజబ్బు, క్యాన్సర్ అన్నిటికీ కవర్ వస్తది" అని మరిది వరసయ్యే ఏజెంటు చెబితే నమ్మి సంతకం పెట్టాను. క్లెయిమ్ పెడితే రాలేదు. ఛాతీ తెరిచి చేసే బైపాస్‌కు ఇస్తారట, స్టెంట్లకు ఇవ్వరట. పాలసీలో రాసే ఉంది, ఇంగ్లిష్‌లో.

తర్వాత మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చదివించుకున్నాను. తొలిదశలో, పుట్టినచోటే ఉన్న క్యాన్సర్‌కు ఈ రైడర్ డబ్బు రాదు. పాలసీ మొదలైన 90 రోజుల్లోపు బయటపడిన జబ్బు లెక్కలోకి రాదు. జబ్బు తేలాక 30 రోజులు బతికి ఉండాలి. అన్నిటికన్నా నన్ను కలచివేసింది ఇంకొకటి: మా రైడర్ మొత్తం విడిగా వచ్చేది కాదు, టర్మ్ పాలసీలోంచే ముందుగా తీసి ఇచ్చేది. అంటే ఆయనకు బైపాస్ జరిగి పది లక్షలు తీసుకుని ఉంటే, రేపు నా పిల్లలకు వచ్చే దాంట్లో ఆ పది లక్షలు తగ్గేవి.

రైడర్లు వద్దని నేననను. జబ్బు పడితే ఆపై ప్రీమియం కట్టక్కర్లేకుండా చేసే రైడర్ మాలాంటి ఇళ్లకు కొండంత అండ. స్టెంట్లకు కూడా కొంత మొత్తమిచ్చే పాలసీలూ ఉన్నాయి. ఎన్ని జబ్బులకు కవర్ ఉందని కాదు, ఏ జబ్బు ఏ దశలో ఉంటే డబ్బిస్తారని అడగాలి. ఆ మొత్తం విడిగా ఇస్తారా, అసలు పాలసీలోంచి తీస్తారా అనీ అడగాలి.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మన హైదరాబాద్‌లోనే ఉంది. పాలసీ సారాంశాన్ని తేలిక మాటల్లో చెప్పే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్‌ను 2024 నుంచి కొత్త రూపంలో తెచ్చింది. కోరితే స్థానిక భాషలోనూ ఇవ్వాలంది. పాలసీ అందాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చే వీలూ కల్పించింది. మంచి నియమాలే. కానీ అడగొచ్చని తెలియనివాళ్లు ఎలా అడుగుతారు? తెలుగులో మాట్లాడి అమ్మినవాళ్లు తెలుగులోనే రాసివ్వాలి. అదీ అడగకుండానే, సంతకానికి ముందే.

ఈ నెల నా పేరు మీద పాలసీ తీసుకుంటున్నాను. ఆ షీట్ తెలుగులో తెచ్చాకే సంతకం పెడతానని మరిదికి చెప్పాను. మీరూ అడగండి.