డేట్ దాటితే ఇంక ఆపరేషనేనా?

మా నల్లగొండలో ఎవరికైనా డెలివరీ డేట్ దాటిందంటే చాలు, వాడకట్టు రెండు పార్టీలైతది. ‘ఇంకెన్ని రోజులు చూస్తరు, ఆపరేషన్ చేయించున్రి’ అని ఒకరు. ‘నొప్పుల సూది వద్దు, తట్టుకోలేదు, దానంతటదే అయితది’ అని ఇంకొకరు. ఈ వారం ఆ గొడవ మా ఇంట్లోనే. అక్కకు డేట్ దాటి ఐదు రోజులు.

అసలు ఆ డేట్ ఏంది? చివరి నెలసరి మొదటి రోజుకు 280 రోజులు కలిపితే వచ్చే అంచనా. మా ఆఫీసుల్లో రిలీజ్ డేట్ లాంటిదే. సరిగ్గా ఆ రోజే పుట్టేది నూటికి నలుగురో ఐదుగురో. ఫైల్లో ఒక్కో స్కాన్ ఒక్కో తారీఖు చెప్తుంటే, మొదటి మూడు నెలల్లో తీసినదాన్నే నమ్మాలి. ఆఖరి స్కాన్ లెక్క రెండు మూడు వారాలు అటూ ఇటూ కావచ్చు.

అట్లని ఎన్నాళ్లయినా ఆగొద్దు. 41 వారాలు నిండితే, అంటే డేట్ మీద వారం దాటితే, నొప్పులు తెప్పించమనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. స్వీడన్‌లో సుమారు 2,760 మందితో ఒక పరిశోధన జరిగింది. 42 వారాల దాకా ఆగిన గుంపులో ఆరుగురు శిశువులు చనిపోయారు, 41కే నొప్పులు తెప్పించిన గుంపులో ఒక్కరూ లేరు. పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. ఫలితాలు 2019లో వచ్చాయి. నాకు ముఖ్యమనిపించింది ఇంకోటి: సిజేరియన్లు రెండు గుంపుల్లోనూ దాదాపు సమానమే.

అంటే నొప్పులు తెప్పించడం నార్మల్ డెలివరీకి శత్రువు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లే, ప్రైవేటులో 80 పైనే. అట్లాంటి చోట ‘డేట్ దాటింది’ అనగానే కత్తి దాకా పోకుండా, నడుమ ఇంకో మెట్టు ఉందని అడగాలి కదా.

ఆ మెట్టుకు ఓపిక కావాలి. గర్భసంచి మూతి మెత్తబడడానికి మాత్రో జెల్లో బెలూనో పెడతారు, తర్వాత ఆక్సిటోసిన్ డ్రిప్. ఒక్కోసారి ఒకటి రెండు రోజులు పడుతుంది. డ్రిప్ నొప్పులు గట్టిగానే వస్తాయి, వాడకట్టోళ్లు చెప్పేది అబద్ధం కాదు. అందుకే బిడ్డ గుండె చప్పుడు చూస్తూనే ఉండాలి. ముందు సిజేరియన్ అయినవాళ్ల సంగతి వేరు. బీపీ, షుగర్ ఉంటే 41 దాకా ఆగడమూ ఉండదు.

ఇంకోటి, నల్లగొండ టౌన్‌లో ఆగడం వేరు, దేవరకొండ అవతల తండాలో ఆగడం వేరు. డేట్ దగ్గర పడితే ఆసుపత్రికి దగ్గర్లో చుట్టాలింట్ల ఉండడమే మంచిది. బిడ్డ కదలికలు తగ్గినట్టనిపిస్తే తెల్లారేదాకా కూడా ఆగొద్దు.