నానమ్మే మన క్రెష్షా?

జహీరాబాద్‌లో నాన్న ఒక్కరే వండుకుని తింటున్నారు. అమ్మేమో ఇక్కడ హైదరాబాద్‌లో, మోకాళ్ళ నొప్పులతో మా ఇద్దరు పిల్లల వెనక పరిగెడుతోంది. మేమిద్దరం ఐటీ. నాకైతే సిగ్గేస్తోంది.

50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్ ఉండాలని 2017లోనే చట్టంలో పెట్టారు. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చు కూడా. మా ఆఫీసులో టేబుల్ టెన్నిస్‌కి గది ఉంది, క్రెష్‌కి లేదట! మనం అడిగితేగా? కాఫీ మెషీన్ చెడిపోతే మాత్రం పది మెయిళ్ళు.

మగాళ్ళు 'అది ఆడవాళ్ళ సంగతిలే' అంటారు. పిల్లలు ఒక్క తల్లికే పుట్టారా?

మా జహీరాబాద్ పక్కన పస్తాపూర్ డీడీఎస్ సంఘాల ఆడవాళ్ళు, పొలం పనులకి పోయేవాళ్ళు, ఊళ్ళల్లో బాల్వాడీలు నడిపించుకున్నారు. డిగ్రీలున్న మనకే నోరు లేదు.

సోమవారం హెచ్చార్‌కి మెయిల్ పెడుతున్నా. సీసీలో ఎవరెవరుంటారు?