కొండదారిలో ఎవరి మాట వినవలె?

వినుకొండ పేరుకు స్థలపురాణం చెప్పే అర్థం ఆ సీమలో చిన్నపిల్లలకు సైతం తెలుసు. రావణుడు సీతను అపహరించుకొనిపోయిన వార్తను శ్రీరాముడు ఈ కొండమీద విన్నాడట. విన్న కొండ గనుక వినుకొండ అయినదట. చరిత్రకారుడు ఈ కథను అంగీకరించనక్కరలేదు. అయినను దీనిలో ఒక వివేకం ఇమిడి ఉన్నది. దారి తెలియనివేళ ఎంతటివాడైనా ఒకరిని అడుగవలె. అడిగినవారిలో ఎరిగినవారెవరో గుర్తించి వారి మాట వినవలె. వాల్మీకి రాముడు చెట్లను అడిగినాడు, మృగాలను అడిగినాడు. లేళ్లు దక్షిణదిక్కుగా ముఖాలు త్రిప్పి చూపినవి. పిమ్మట జటాయువు కనబడి జరిగినది చెప్పినాడు. కన్నవాడు చెప్పిన మాట గనుకనే అది పనికి వచ్చినది.

నేడు కొండకు పోయేవాడు చెట్టునూ అడుగడు, పుట్టనూ అడుగడు. జేబులోని ఫోనును అడుగుతాడు. అడుగవచ్చును, తప్పులేదు. కాని ఆ ఫోను కన్నది చెప్పుతున్నదా, విన్నది చెప్పుతున్నదా, లేక తోచినది చెప్పుతున్నదా అన్న విచారణ మాత్రం మనవారిలో కానరాదు. ఏ యాపు మంచిదని అడిగితే, అందరూ వాడేదే మంచిదని సమాధానం వస్తున్నది. బజారులో వస్తువు కొనడానికి ఈ సూత్రం కొంతవరకు చెల్లుతుందేమో గాని, నలభైమంది పిల్లలను వెంటబెట్టుకొని కొండ ఎక్కే ఉపాధ్యాయునికి చెల్లదు.

పల్నాటి పాఠశాలలకు ఇది దూరపు విషయం కాదు. కార్తికమాసం వచ్చినదంటే వనభోజనాల సందడి. కోటప్పకొండ, కొండవీడు, వినుకొండ గుట్ట అందుబాటులో ఉన్నవి. పడమటికి పోయి మార్కాపురం, దోర్నాల దాటితే నల్లమల. పత్తిచేల నడుమ, మిరపతోటల నడుమ పెరిగిన బాలునికి దిక్కు తప్పడమంటే ఏమిటో తెలియదు. మైదానంలో ఎటు చూచినా గుడిగోపురమో, చెరువుకట్టో, తాళ్లవరుసో కనబడి ఊరి జాడ చెప్పుతుంది. కొండలో ఆ గుర్తులు ఉండవు. ఒక మలుపు తిరిగితే వెనుకటి దారి మరుగుపడుతుంది. ఎక్కిన చోట దిగుదామంటే ఆ చోటు దొరకదు.

మొదట గ్రహించవలసినది, రహదారికి పనికివచ్చే యాపు వేరు, కొండకు పనికివచ్చే యాపు వేరు అన్న సంగతి. గూగుల్ మ్యాప్స్ 2005లో వెలువడినది. బస్సు ఏ వీధిని తిరుగవలెనో చెప్పడంలో దాని ఉపకారం అందరికీ అనుభవమే. మన దేశంలో తయారైన మ్యాపుల్స్ కూడా వాహనాల వారికి అట్టి ఉపకారి. కాని సిగ్నల్ లేని చోట కోసం గూగుల్ పటాన్ని ముందుగా ఫోనులో దింపుకొన్నప్పటికీ, అది వాహనాలకే దారి చెప్పగలదు; కాలినడకకు చెప్పలేదు. సిగ్నల్ ఉండనిది కొండలోనే. కాలినడక తప్పనిదీ కొండలోనే. అనగా సరిగా అవసరమైన తావుననే అది మౌనం వహిస్తుంది.

మౌనం వహించినంతవరకు మేలే; తెలియక చెప్పితే మరింత కీడు. స్కాట్లండులో బెన్ నెవిస్ అనే శిఖరం ఉన్నది. దాని ఎత్తు 1,345 మీటర్లు. 2021 జూలైలో జాన్ మ్యూర్ ట్రస్టు, మౌంటెనీరింగ్ స్కాట్లండ్ అనే రెండు సంస్థలు ప్రజలను హెచ్చరించినవి. కార్లు నిలిపే చోటినుండి శిఖరానికి గూగుల్ చూపుతున్న చుక్కలగీత నిట్టనిలువు రాళ్లమీదుగా పోతున్నదనీ, దానిని నమ్మినవారికి ప్రాణాపాయం కలుగవచ్చుననీ ఆ హెచ్చరిక సారాంశం. ఆ గీతను ఏ బాటసారీ నడచి గీయలేదు. కారు నిలిపే చోటుకూ శిఖరానికీ దగ్గర ఏదో లెక్కగట్టి యంత్రం గీసినది.

కావున యాపును ఎన్నుకొనేటప్పుడు అడుగవలసిన మొదటి ప్రశ్న, దానిలోని గీతను ఎవరు గీసినారు అన్నది. ఈ ప్రశ్న తెలుగువారికి క్రొత్తది కాదు. 1815లో హిందూదేశపు మొదటి సర్వేయరు జనరలుగా నియమితుడైన కాలిన్ మెకంజీ పేరు చరిత్రవిద్యార్థులకు పరిచితమే. ఆయన ఎంత సమర్థుడైనా, ఊరి పేరెత్తి ఆ ఊరి కథ చెప్పించుకొనడానికి కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల వంటి తెలుగువారి సాయం లేక సాధ్యపడలేదు. గ్రామాలలో కరణాలను, వృద్ధులను అడిగి తెలుసుకొన్న విషయాలే కైఫీయతులుగా నేడు మిగిలినవి. కొలిచేవాడు ఒకడు, ఎరిగినవాడు ఒకడు. ఇద్దరూ కలిస్తేనే పటం.

ఈ కలయికను నేటి కాలానికి తెచ్చినది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. దీనిని 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ ప్రారంభించినాడు. ఏ ఊరివాడైనా తన ఊరి బాటను, బావిని, గుడిని దీనిలో చేర్చవచ్చును. ఎవరైనా ఉచితంగా వాడుకొనవచ్చును. ఈ పటాన్ని ఆధారం చేసుకొన్న యాపులలో ఆర్గానిక్ మ్యాప్స్, ఆస్మాండ్ ముఖ్యమైనవి. మొదటిది ఉచితం, ప్రకటనల బెడద లేదు. పటాన్ని ముందుగా దింపుకొంటే సిగ్నల్ లేని చోట కూడా నడకదారి చూపుతుంది. రెండవదానిలో సదుపాయాలు హెచ్చు. కొన్నింటికి రుసుము ఉన్నది. నేర్చుకొనడానికి ఓపిక కావలె. ఆల్‌ట్రెయిల్స్ వంటి విదేశీ యాపులు తాము నడచిన దారులను యాత్రికులే నమోదు చేసేవి. అయితే సిగ్నల్ లేని చోట వాటి పటం కావలెనంటే డబ్బు కట్టవలె. పైగా ఎవరూ నడచి నమోదు చేయని కొండను గురించి అవి చెప్పగలిగినది స్వల్పం.

ఇక పరీక్షకు పెట్టవలసిన గుణాలు మూడు. సిగ్నల్ లేకున్నను పటం కనబడవలెననేది మొదటిది. ఫోను ఉపగ్రహాలతో మాట్లాడుతుందని చాలామంది భ్రమ. అది మాట్లాడదు, వింటుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలను విని, అవి వచ్చిన కాలభేదాన్ని బట్టి తానున్న చోటు లెక్కకట్టుకొంటుంది. 2013 జూలై 1న మన శ్రీహరికోటనుండి తొలి ఉపగ్రహం ఎగసిన నావిక్ వ్యవస్థ సంకేతాలను కూడా కొన్ని ఫోన్లు వినగలవు. ఈ వినికిడికి సెల్లు టవరు అక్కరలేదు. పటం ఫోనులో లేకపోతే మాత్రం, ఖాళీ తెరమీద ఒక చుక్క తప్ప మరేమీ కనబడదు.

పటంమీద సమోన్నత రేఖలు, అనగా కాంటూరు రేఖలు ఉండడం రెండవ గుణం. ఈ రేఖలు ఎడంగా ఉంటే ఏటవాలు, ఒత్తుగా ఉంటే నిటారు అని పిల్లలు పరీక్షకోసం వల్లిస్తారు. కొండమీద ఆ పాఠానికి ప్రాణం వస్తుంది. 1892లో స్కాట్లండువాడైన నైస్మిత్ ఒక లెక్క చెప్పినాడు. 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట. ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరొక గంట. 5 కిలోమీటర్ల దారిలో 300 మీటర్లు ఎక్కవలసి ఉంటే గంటన్నర అన్నమాట. ఇది చల్లని దేశంలో గట్టి నడకగాళ్లకు చెప్పిన లెక్క. పల్నాటి ఎండలో పిల్లలకు దీనికి రెట్టింపు కాలమనుకొని బయలుదేరడం క్షేమం.

నడచివచ్చిన దారిని ఫోను తనంతట గుర్తు పెట్టుకొనవలెననేది మూడవ గుణం. పోయే దారికంటె తిరిగివచ్చే దారి తెలియడం ముఖ్యం. ఆ గీతను పట్టుకొని వెనుకకు నడిస్తే బయలుదేరిన చోటికే చేరవచ్చును.

ఈ మూడు గుణాలను బట్టి చూస్తే, కొండపాదం వరకు రహదారి యాపును, అక్కడినుండి ఆర్గానిక్ మ్యాప్స్ వంటి నడకయాపును వాడడం పాఠశాలకు తగిన పద్ధతి. దానితోపాటు సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 స్కేలు పటాన్ని ముద్రించి సంచిలో ఉంచుకొనవలె. దానిమీద ఒక సెంటీమీటరు అంటే నేలమీద అర కిలోమీటరు. కాగితానికి బ్యాటరీ అయిపోయే భయం లేదు.

దీనిపై ఒక ఆక్షేపణ రావచ్చును. మన పెద్దలు ఏ ఫోను చూచుకొని శ్రీశైలం నడిచినారు? నేటికీ ఉగాదికి వేలాది కన్నడ భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరుతున్నారు గదా? నిజమే. అయితే వారు దారి తెలియక నడచినవారు కారు. గుంపుగా నడిచినారు, మజిలీలు ఎక్కడో, నీళ్లు ఎక్కడో ఎరిగిన పెద్దను ముందుంచుకొని నడిచినారు. 14వ శతాబ్దిలో రెడ్డిరాజ్య స్థాపకుడైన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించినాడు. ఆ మెట్లు, ఆ మజిలీలు, ఆ పెద్ద మనిషి జ్ఞాపకం, అన్నీ కలిసి ఆనాటి పటం. పూర్వులు పటం లేకుండా పోలేదు. వారి పటం కాగితంమీద లేదు, అంతే.

పటం ఎంత మంచిదైనా చెప్పలేని సంగతులు కొన్ని ఉన్నవి. తమిళనాట తేని జిల్లాలోని కురంగణి కొండలలో 2018 మార్చి 11న అడవి అంటుకొని 20 మందికి పైగా యాత్రికులు అసువులు బాసినారు. ఆ మంట ఏ పటంలోనూ కనబడేది కాదు. అటవీశాఖవారిని అడిగితే తెలిసేది. నల్లమలలో అధికభాగం పులుల అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేక అందు ప్రవేశించరాదు. యాపులో బాట కనబడినంతమాత్రాన అది పోదగిన బాట కాదు. అక్కడి చెంచులకు తెలిసినంత ఏ ఉపగ్రహానికీ తెలియదు. ఫోను చేతిలో ఉన్నదన్న ధీమాతో వారిని అడుగకపోవడం అవివేకం.

ఇంతకంటె పెద్ద నష్టం ఒకటి, కనబడకుండా జరుగుతున్నది. మన కొండల పేర్లు వట్టి పేర్లు కావు. దారి చెప్పే మాటలు. కనుమ అంటే కొండల నడుమ దాటడానికి వీలైన సందు. దోన అంటే రాతిలో నీరు నిలిచే చోటు. చెలమ అంటే ఇసుక తోడితే నీరూరే చోటు. పెంట అంటే నల్లమలలో చెంచుల నివాసం. ఒక గుట్ట పేరులో దోన అని ఉంటే దప్పిగొన్నవానికి అది కబురు. ఈ మాటలు ఆంగ్లాక్షరాలలో పడి పటంమీదికి ఎక్కేసరికి ఉచ్చారణ చెడుతుంది, అర్థం పోతుంది. చాలా పేర్లు అసలు పటమే ఎక్కలేదు. గొర్రెల కాపరుల నోట మాత్రమే ఉన్నవి. ఆ వృద్ధులతో అవి పోతే, ఏ యాపు కొన్నా తిరిగి రావు.

అందువలన పాఠశాలలు చేయదగిన పని ఒకటి ఉన్నది. నల్లమలకు పోవడానికి ముందు ఇంటిముందరి కొండమీద అభ్యాసం జరగవలె. 2014 మే 25న, పదునాలుగేండ్లయినా నిండకముందే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ తొలిపాఠాలు నేర్చినది భువనగిరి బండమీద. వినుకొండ పిల్లలకు వినుకొండ గుట్టే భువనగిరి. సాంఘికశాస్త్రోపాధ్యాయుడు, తెలుగు ఉపాధ్యాయుడు కలిసి పదిమంది విద్యార్థులతో ఒక ఆదివారం ఉదయం ఆ గుట్ట ఎక్కవలె. ఫోనును విమానపు స్థితిలో పెట్టి, పటం నిజం చెప్పుతున్నదో లేదో మెట్టు మెట్టుకూ సరిచూడవలె. మేకల కాపరిని ఆపి, తాతా, ఈ బండను ఏమంటారు, ఈ మడుగును ఏమంటారు అని అడిగి వ్రాసుకొనవలె. ఇంటికి వచ్చి ఆ పేర్లను తెలుగు లిపిలో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేర్చవలె. అందుకు అందులో వీలున్నది. తాము నడిచి చూచినదే చేర్చవలె. అటవీశాఖ నిషేధించిన చోట్లకు దారి చూపరాదు.

ఈ పనికి కావలసినది ఒక ఫోను, ఒక నోటుపుస్తకం, అడగడానికి సిగ్గుపడని నాలుక. ప్రభుత్వపు నిధులు అక్కరలేదు. ఏ యాపు మంచిదని మన ఉపాధ్యాయులు ఇక అడగడం మాని, మన కొండ ఆ యాపులో ఎంతవరకు ఉన్నదని అడగవలె. లేనిచోట దానిని వ్రాయవలసినవారు ఆ కొండ నీడన చదువుకొంటున్నవారే.