మన్రోలప్ప

సూరత్‌లో బిడ్డకు పేరు పెట్టే అధికారం మేనత్తది. గుత్తి ప్రాంతం నుండి వచ్చిన మా సహోద్యోగి ఒకరు ఈ ఆచారాన్ని మెచ్చి చెల్లెలిని అడుగగా, ఆమె తమ ముత్తాతగారి ‘మన్రోలప్ప’ పేరును సూచించింది. బడిలో తోటి పిల్లలు నవ్వుతారని తండ్రిగారి బెంగ.

మన్రో అనునది స్కాట్లండు వారి ఇంటిపేరు. గేలిక్ భాషలో ‘రో నది ప్రాంతపువాడు’ అని దాని అర్థమనీ, ఆ నది ఐర్లండులోనిదనీ ఆ వంశీయుల నమ్మకం. ఆ ఇంటిపేరే మన సీమలో ‘అప్ప’ను చేర్చుకొని మనిషి పేరైంది. (ఇక్కడి మిత్రులు మనలను ఇంటిపేరుతోనే పిలుచుట మనకు కొత్త కాదు!)

గ్లాస్గోలో 1761లో జన్మించిన థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరు. పాలెగాండ్రను కఠినంగా అణచిన ఆయనే పొలాలు కొలిపించి, రైతుతో నేరుగా శిస్తు కుదుర్చుకొన్నారు. ఆ శిస్తు అధికమనీ, నాలుగవ వంతు తగ్గించవలెననీ 1807లో తానే పైవారికి వ్రాశారు. మద్రాసు గవర్నరుగా వీడ్కోలు పర్యటనకు వచ్చి, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో మరణించారు. గుత్తిలో ఖననం చేశారు. రైతులు తమ బిడ్డలకు ఆయన పేరు పెట్టుకొన్నారు.

నామకరణం వచ్చే ఆదివారం. మేము మేనత్త పక్షాన నిలిచాము. తల్లిగారు ఇంకా పెదవి విప్పలేదు.