పాట మధ్యలో బుర్రు!

“కారులో పాట మంచి రంజుగా ఉండగా బుర్రుమంటోంది. సెట్టు మార్చెయ్యమంటారా?” అని ఓ కుర్రాడి ఉత్తరం. ఆగు తమ్ముడూ, అప్పుడే పర్సు తియ్యకు!

ఎఫ్.ఎం. తరంగాలు ఇంచుమించు తిన్నగా పోతాయి. విశాఖ నుంచి అరకు బయల్దేరి, శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కావో, కొండ అడ్డొస్తుంది, పాట జారుకుంటుంది. అందులో సెట్టు తప్పేం లేదు. మీడియం వేవ్ అలా కాదు. నేలను పట్టుకుని పాకుతుంది. రాత్రయితే పైనున్న అయనోస్ఫియర్‌కు తగిలి వందల మైళ్ల అవతల దిగుతుంది కూడా!

మరి ఊళ్లోనే గోల పెడుతోందా? యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ కీచుమనే ఈల పైకెళుతోందంటే దొంగ ఇంజన్ దగ్గరే ఉన్నాడు. స్పార్క్ ప్లగ్గు తీగలో, ఆల్టర్నేటరో చూపించు. ఈల కాక ఒకటే బుర్రు అయితే ముందు సెల్‌ఫోన్ చార్జర్ పీకి చూడు. మా బావ ఈ చిన్న పని చెయ్యకుండా కొత్త సెట్టు కొన్నాడు. షాపువాడు నవ్వుతూ బిగించాడు. సెట్టు కొత్తదే, బుర్రు మాత్రం పాతదే! చార్జర్ పీకాక పాట పలికింది. డబ్బు తిరిగి రాలేదనుకో.

అదీ కాకపోతే యాంటెన్నా మొదలు చూడు. ఎఫ్.ఎం.కు సుమారు 75 సెంటీమీటర్ల కడ్డీ చాలు. కానీ అడుగున తుప్పు పట్టి వదులైతే ఎంత ఖరీదైన సెట్టయినా గుర్రు పెట్టాల్సిందే.